మొర స్తంభం, ఉప్పులేని పప్పు

అబద్ధమనేవాళ్లుంటే ఇప్పుడే అనేయండి. విన్నాక అనడానికి మీకు నోరు పెగలదు.

ఒకానొక రాజ్యంలో ఉద్దండ భూపతి అని ఒక రాజు. ఆయన మీసం మీద రెండు కాకులు గూడు కట్టి పిల్లల్ని పెంచుకోవచ్చు. తాను సాక్షాత్తూ విష్ణువు అంశనని రోజూ కొలువులో చాటించుకునేవాడు.

ఆ కొలువు మండపం తాతగారు కట్టించింది. మబ్బులు దాని చూరుకు తగిలి చిరిగిపోయేవి. దాని నడుమ మొర స్తంభం. దాన్ని పట్టుకున్నవాడు ఎంత బీదవాడైనా సరే, వాడి మాట పూర్తయ్యేదాకా రాజు గద్దె దిగకూడదని తాతగారి కట్టడి.

ఉద్దండుడికి ఆ కట్టడి గిట్టలేదు. ఒక మూల వాన కారుతోందన్న వంక దొరికింది.

"మండపమంతా పడగొట్టి కొత్తది కట్టిస్తాం. ఆ స్తంభం అక్కర్లేదు. శాసనంలో మాత్రం జీర్ణోద్ధరణ అని చెక్కించండి. కొత్తగా కట్టినదానికన్నా దానికే పుణ్యం ఎక్కువట."

విదూషకుడు ఏకామ్రయ్య ఆ స్తంభం వైపు చూశాడు. తన పసితనంలో తల్లి తనను చంకనేసుకుని వచ్చి ఆ స్తంభం పట్టుకోబట్టే, కరణం కాజేసిన గుప్పెడు నేల తిరిగొచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగింది.

"దివ్యమైన మాట, ప్రభూ" అన్నాడు రాజు వైపు తిరిగి. "అది గుళ్ల దగ్గర వాడే మాట. గుడి బాగుచేసేటప్పుడు దేవుణ్ని పక్కనే చిన్న పాకలో ఉంచుతారు. బాలాలయమంటారు. పని ముగిసేదాకా ఊరేగింపులుండవు, చప్పిడి నైవేద్యం. తమరు విష్ణువు అంశ కదా, మరి..."

నిండు కొలువులో కాదనడానికి రాజుకు మొహం చెల్లలేదు. మండపం పక్కన వేయించిన తాటాకు పాకలోకి నడిచాడు. గుమ్మంలో మీసం పట్టక అడ్డంగా తిరిగి దూరాల్సొచ్చింది. మధ్యాహ్నం ఉప్పులేని పెసరపప్పు వచ్చింది. మర్నాడూ అదే.

"ఏమయ్యా ఏకామ్రయ్యా, ఎన్నాళ్లిలా?"

"పడగొట్టి కట్టాలంటే కుంభాభిషేకం తమ మనవడుగారు చేయిస్తారు. అసలు ఆ మాటలో పడగొట్టడం లేదు ప్రభూ. జీర్ణమంటే శిథిలమైనది, ఉద్ధరణంటే పైకెత్తడం. ఒరిగినదాన్ని ఎత్తి నిలబెట్టమంది గాని, నిలబడ్డదాన్ని కూల్చమనలేదు. కారే మూల సరిచేయిస్తే తమరు త్వరలోనే గద్దె మీదుంటారు."

రాజు లేచి తిన్నగా మండపంలోకి వెళ్లి మొర స్తంభం పట్టుకున్నాడు. కొలువంతా వెనకే పరుగెత్తింది.

"ఎవడు పట్టుకున్నా వినాలి కదా. నాకు ఉప్పేసిన కూడు కావాలి. వినేదెవరు?"

"వింటున్నాం ప్రభూ" అన్నాడు ఏకామ్రయ్య. "ఇది లేకుంటే తమరు దేన్ని పట్టుకునేవారో అనే ఆలోచిస్తున్నాను."

ఎన్నో చేతులకు అరిగి నున్నబడిన ఆ చోట రాజు అరచెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ తరవాత నవ్వాడు. ఆ నవ్వుకు మండపంలోని పావురాలు పొరుగు రాజ్యం దాకా ఎగిరిపోయాయి.

"మూల ఒక్కటే బాగుచేయండి" అని తన చేతి కంకణం తీసి ఏకామ్రయ్యకు తొడిగాడు.

నమ్మరా? ఆ పాకకు పప్పు మోసిన వంటలక్క గవరమ్మను అడగండి. ఉప్పు దాచింది ఆవిడే.