కునుకు గంట

రాజుగారిని మధ్యాహ్నపు కునుకులోంచి గంట కొట్టి లేపడం వామనభట్టు కొలువు. కుమ్మరి పోలమ్మ జోడుకుండలు తెచ్చి ఆ కొలువు ఊడగొట్టింది. పైకుండ చిల్లులోంచి చుక్కచుక్కగా నీళ్లు కారి కిందికుండ నిండేది. రోజూ వేళకు ఆ నిండిన కుండే ఒరిగి, పక్కనున్న గంటను కొట్టేది. రాజు మెచ్చుకున్నప్పుడల్లా భట్టు కడుపు రగిలిపోయేది. ఓర్వలేక, చాటుగా చిల్లు పెద్దది చేశాడు.

ఆ మధ్యాహ్నం రాజుకు కునుకు పట్టిందో లేదో, గంట మోగింది.

"పారేయండి దీన్ని!" రాజు అరుపుకి పోలమ్మా, భట్టూ పరుగున వచ్చారు.

"ఒకసారి ఎలా అమరిస్తే రోజూ అలాగే మోగుతుంది ప్రభూ," అంది పోలమ్మ. "పారేయడమెందుకు, భట్టుగారి తలాపున పెట్టించండి."

"రోజూనా!" భట్టు అదిరిపడ్డాడు. "చిల్లుకి కాస్త మైనం పెడితే సరిపోతుందిగా!"

"చిల్లు సంగతి నేనెత్తలేదే!"

రాజు పకపకా నవ్వాడు. "భట్టూ, నీ కొలువు నీకే. రోజూ ఆ పైకుండలో నీళ్లు పొయ్యి."