ఫోను చదివిన పాఠం

అనగా అనగా, మన ఊరికి నాలుగు ఊళ్ళ అవతల హిమజ అని ఒక పిల్ల ఉండేది బంగారూ. పదో తరగతి. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. దీపాలు పెట్టే వేళకి పిల్లలు పైకి చదవాలి. గది బయట పీట వేసుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నాయనమ్మ తులశమ్మ వినేది. బడి గడప తొక్కని మనిషి కదా, ఆవిడకి అదే బడి. మధ్యలో ఆపి, "అదేమిటే, మళ్ళీ చెప్పు" అనేది.

అప్పుడు పాఠాల కోసమని నాన్న ఫోను కొనిచ్చాడు. పిల్లకి పాఠాలకంటే ఆటలే ముద్దొచ్చాయి. కళ్ళు ఎర్రబడ్డాయి, అన్నం సయించలేదు, మార్కులు పడిపోయాయి. అయినా మానలేదు. పైగా ఒక ఎత్తు వేసింది, మహా తెలివిగలది మరి. తను చదివింది ఫోనులో రికార్డు చేసి, సాయంత్రం గట్టిగా పెట్టేసి, అదే ఫోనులో చప్పుడు లేకుండా ఆడుకునేది.

మొదటిరోజు నాయనమ్మ, "గుండెకి గదులేమిటే?" అంది. లోపల గొంతు ఆగలేదు. రెండోరోజు ఇంకాస్త గట్టిగా అడిగింది. ఆగలేదు. మూడోరోజు అడగనే లేదు. పీట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. హిమజ తలెత్తి చూసింది. గడప దగ్గర ఈనెలున్నాయి, నాయనమ్మ లేదు. వెతుక్కుంటూ వెళితే పెరట్లో ఒక్కతే కూర్చుని ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావు నాయనమ్మా?"

"నేనడిగితే పలకడం మానేశావు కదమ్మా. నీకు విసుగొచ్చిందేమోనని ఇటొచ్చేశా."

హిమజకి ఏడుపు ఆగలేదు. చేసిందంతా చెప్పేసింది. తిడుతుందనుకుంది. నాయనమ్మ తల నిమిరి, "అయితే పలకనిది నువ్వు కాదన్నమాట" అంది. ఆ ముఖంలో ఎంత సంతోషమో.

అప్పుడు హిమజ ఫోను నాన్న చేతికిచ్చేసింది. పీట మోసుకొచ్చి గది లోపలే వేసింది. గుండె పాఠం నాయనమ్మ మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ హిమజ విడమరిచి చెప్పింది.

పెద్ద పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నాయనమ్మకి చెప్పినట్టే రాసింది. ఇంటికొస్తూనే, "నువ్వు అడగబట్టే నాకొచ్చింది" అని ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"నీ పుణ్యమా అని ఈ వయసులో నేనూ పదో తరగతి చదివాను తల్లీ" అంది నాయనమ్మ.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ కళ్ళ తలుపు తట్టింది.