గుట్ట మీద నత్తగుల్లలు

ఒకానొక రాజ్యంలో మహీధరవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన సభకు వస్తుంటే వందిమాగధులు గొంతు చించుకుని "భూభారధురంధరా" అని బిరుదు చదివేవారు. భూమి బరువంతా మోసేవాడని దానర్థం. నిజానికి ఆయన పుట్టి బుద్ధెరిగాక చెంబెడు నీళ్ళు కూడా మోసి ఎరగడు. రాజుల బిరుదులతో మనకేం పనిలెండి, కథలోకి వద్దాం.

ఆ రాజ్యంలో ఒక రాతిగుట్ట, దాని కింద ఒక చెరువు. గుట్ట మీద జమ్మన్న అనే ముసలి రైతుకు చిన్న చేను ఉండేది. ఒక జత ఎద్దులు మూడు రోజుల్లో దున్నేసేంత, అంతే. చేను చిన్నదైతే పని కూడా చిన్నదే అనుకునేరు. దున్నిన ప్రతిసారీ రాళ్ళు పైకి తేలతాయి, ఏరాలి. గట్టి వానొస్తే గట్టు తెగుతుంది, మళ్ళీ వెయ్యాలి. వీటన్నిటికీ మించిన పని మట్టి. వాన ఏటా కొంత మట్టిని కిందికి ఈడ్చుకుపోతుంది. అందుకని ఎండాకాలం చెరువు ఎండగానే అడుగున ఉన్న నల్లమట్టి తవ్వి, గంపలకెత్తి, గుట్ట మీదికి మోసి చేలో పరవాలి. జమ్మన్న తాత మోశాడు, తండ్రి మోశాడు. ఆ తర్వాత జమ్మన్న, అతని భార్య సుంకమ్మ మోశారు.

నిండు గంపను ఏ మనిషీ తనంతట తాను నెత్తికెత్తుకోలేడు. రెండో మనిషి చెయ్యి వెయ్యాల్సిందే. ఒక గంప అతను మోస్తే ఒక గంప ఆమె మోసేది. సుంకమ్మ జమ్మన్న నెత్తికి గంప ఎత్తిన ప్రతిసారీ అతను వెనక్కి తిరక్కుండానే, "ఇంక చాల్లే, నువ్వు పోయి నీడన కూర్చో" అనేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆమె ఒక్కనాడు కూర్చుంటే ఒట్టు.

ఆ ఏడు జమ్మన్నకు మోకాళ్ళు పట్టేశాయి. సుంకమ్మ ఒక్కతే మోసింది. ఉగాది వెళ్ళిన పదో రోజున ఎండదెబ్బ కొట్టి, గట్టు మీద కూలబడి, మళ్ళీ లేవలేదు. ఆమె మోసిన మట్టి చేను అంచున కుప్పగా ఉండిపోయింది. ఆ గంపలు ఆమె నెత్తికెత్తింది తన చేతులే కదా అని జమ్మన్న కుమిలిపోయాడు. కుప్ప దగ్గరికి పోవడం, చెయ్యి సాగక తిరిగి రావడం. అదే అతని రోజు.

ఆ దుఃఖంలో ఉండగానే రాజుగారు చల్లగాలికి గుట్టెక్కారు. ఎర్రటి గుట్ట మీద ఆ ఒక్క చేను చెక్క నల్లగా కనిపించింది. ఇక్కడ మల్లెతోట వేస్తే ఎంత బాగుంటుందో అన్నారు. అనడమే ఆలస్యం, మంత్రి జమ్మన్నను సభకు పిలిపించాడు. గుట్టకు అవతలి పక్క అంతే కొలతగల నేల ఇస్తాం, ఇది వదిలిపెట్టమన్నారు. అటు పక్క ఉత్త బండ అని, ఈ చేను పోతే తనకు మరేమీ మిగలదని జమ్మన్న మొత్తుకున్నాడు. గుట్ట అదే, నేలా అదే, కొలతకు కొలత ఇస్తుంటే ఏడుపెందుకని రాజుగారు విసుక్కున్నారు. మళ్ళీ సభంతా చూస్తోందని గుర్తొచ్చి, ఉదారంగా చెయ్యెత్తారు.

"నీదంటూ ఏముందో అంతా పట్టుకుపో. నీ సొత్తు చివరిదాకా నువ్వు తీసుకెళ్ళేవరకు మా మనిషి ఎవడూ ఆ చేలో కాలు పెట్టడు. ఇది మా మాట."

గుడిసె, నాగలి, నాలుగు పలుపులు అని ఆయన ఉద్దేశం. సభవారు ఆహా అన్నారు. జమ్మన్న దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నెల గడిచింది. మృగశిర కార్తె దగ్గర పడిందని రాజుగారు తోటమాలుల చేత మల్లె అంట్లు మోయించుకుని గుట్టెక్కారు. చూస్తే ఏముంది? చేను ఒక మూల బండ బయటపడి ఉంది. గుట్ట అవతలి నుంచి జమ్మన్న ఖాళీ గంపతో కుంటుకుంటూ వస్తున్నాడు. వచ్చి, సగం గంప నింపి, భుజానికెత్తుకోబోయాడు. రాజుగారి మట్టిని దొంగిలిస్తావా అని మంత్రి గద్దించాడు.

జమ్మన్న గంప దించి, గుప్పెడు మట్టి నలిపి అరచెయ్యి చాపాడు. అందులో తెల్లటి గుల్లలు నాలుగు మెరిశాయి.

"ఇవి నత్తగుల్లలు, దొరా. చెరువులో పుట్టే నత్తలు ఇంత గుట్ట ఎలా ఎక్కాయో మంత్రిగారిని చెప్పమనండి."

మంత్రి గుల్లల వైపు చూసి, రాజుగారి వైపు చూశాడు.

"గుట్ట ఏలినవారిది. బండ ఏలినవారిది. పైనున్న మట్టి మేము మోసుకొచ్చుకున్నది. మాది పట్టుకుపొమ్మన్నారు, పోతున్నాను."

ఇదంతా ఎన్నాళ్ళకు పూర్తవుతుందని రాజుగారు అడిగారు. తేవడానికి మూడు తరాలు పట్టిందని, అప్పుడు ఇంటిల్లిపాదీ మోసేవారని, ఇప్పుడు తనొక్కడే గనుక కాస్త ఆలస్యమవుతుందని, ఏలినవారు ఓపిక పట్టాలని జమ్మన్న చేతులు కట్టుకుని చెప్పాడు.

రాజుగారికి తన మాట తన కాళ్ళకే చుట్టుకుందని అర్థమైంది. కోపం రాబోయి నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే, దారి పక్కనే ఉన్న ఆ కుప్పను వదిలేసి ఎక్కడో మూలనుంచి తవ్వుతున్నావేమని అడిగారు.

"అది నాది కాదు దొరా. మా ఆడమనిషి సుంకమ్మది. ఆమె వచ్చి పట్టుకుపోవాలి."

"మరి రమ్మను."

"చచ్చిపోయింది."

రాజుగారి నవ్వు ఆగిపోయింది. మల్లె అంట్లు దించబోయిన తోటమాలులు అలాగే నిలబడ్డారు. అప్పుడు రాజుగారు, ఈ చేనూ అవతలి చెక్కా రెండూ నీవే, అటు మోసిన మట్టి మా మనుషులే తిరిగి తెస్తారు, ఇంకేం కావాలో కోరుకో అన్నారు.

జమ్మన్న ఆకాశం చూశాడు. పడమట మబ్బు పట్టింది. వానలోగా ఆ కుప్ప పరవకపోతే సుంకమ్మ మోసిందంతా మళ్ళీ చెరువు పాలే. చేను ఎవరి ఏడుపు కోసమూ ఆగదు. అతను గంప తీసుకుని కుప్ప దగ్గరికి వెళ్ళి, ఈసారి నిండా నింపాడు.

"దీన్ని నెత్తికెత్తే మనిషి లేదు దొరా. ఒక చెయ్యి వెయ్యండి."

మంత్రి భటులను పిలవబోయాడు. రాజుగారు అతన్ని ఆపి, పట్టుబట్టలతోనే వంగారు. మొదటిసారి గంప లేవలేదు. రెండోసారి పళ్ళు బిగించి ఎత్తారు. ఉంగరాల సందుల్లో మట్టి ఇరుక్కుంది.

నెత్తిన నిండు గంప పడగానే జమ్మన్న నడక అందుకున్నాడు. నాలుగడుగులు వేసి, అలవాటు చొప్పున వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఇంక చాల్లే, నువ్వు పోయి నీడన కూర్చో."

రాజుగారిని నువ్వంటావా అని మంత్రి ముందుకు దూకాడు. అన్నది ఎవరినో రాజుగారికి తెలిసింది. మంత్రిని సైగతో వారించి, తలపాగా తీసి చేత పట్టుకుని, గట్టున ఉన్న తుమ్మచెట్టు కిందికి వెళ్ళి కూర్చున్నారు.