పడని రోకలి

వెనకటికి ఒక రాజ్యంలో సూర్యగ్రహణం పట్టింది. ఆస్థాన జ్యోతిష్కుడు సోమయాజి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో రోకలి నిలబెట్టి, "ఇది పడితేనే గ్రహణం విడిచినట్టు. అందాకా ఎవరూ పొయ్యి వెలిగించకూడదు" అన్నాడు.

మధ్యాహ్నానికి సూర్యుడు పూర్తిగా బయటికొచ్చాడు. సాయంత్రమైనా రోకలి మాత్రం పడలేదు. ఊరంతా పస్తు. పసిపిల్లల ఏడుపు కోట దాకా వినిపిస్తోంది. పైన చూస్తే ఎండ, పళ్ళెంలో చూస్తే గ్రహణం. రాజుకి ఏది నమ్మాలో తోచలేదు.

"రోకలినే నమ్మండి మహాప్రభూ!" అన్నాడు సోమయాజి.

అంతలో కోటలో వడ్లు దంచే గవరమ్మ తన రోకలి తెచ్చి దాని పక్కనే నిలబెట్టింది. అదీ నిలబడింది.

"ఇప్పుడు రెండు గ్రహణాలా పంతులుగారూ?" అంది.



"మరి ఎందుకు నిలబడుతోంది?" అన్నాడు రాజు అయోమయంగా.

"అడుగు చదునుగా ఉంది దొరా. రోజూ నిలబడుతుంది."

"మరి ఇన్నాళ్ళూ గ్రహణం విడవగానే ఎలా పడేది?"

"ఆకలికి ఆగలేనివాళ్ళెవరో తోసేసి ఉంటారు దొరా."

రాజు సోమయాజిని చూశాడు, రోకలిని చూశాడు. ఇంకా అయోమయంగానే దాన్ని కాలితో ఒక్క తోపు తోశాడు.

"గ్రహణం విడిచింది. వడ్డించండి!"