చుక్కమ్మ కడుపూ, గాదె వెనక గిన్నెలూ

జరుగు కొంచెం. నా మోకాళ్ళ మీద కాళ్ళు వెయ్యకు, పొద్దుట్నుంచీ లాగుతున్నాయి. చెప్తానే తల్లీ, చెప్పకపోతే నువ్వు పడుకుంటావా? ఊ కొట్టు మరి. నువ్వు ఊ కొట్టడం మానేస్తే నేనే ముందు నిద్రపోతాను.

అనగనగా గోదారి గట్టు కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో పూతరేకులు చేసే ఇల్లొకటి. ఆ ఇంట్లో వరహాలమ్మ అని ఒక కోడలు, ఆవిడ అత్తగారు మంగాయమ్మ, మొగుడు పేరయ్య. వాళ్ళతో పాటు ఒక పిల్లి. ఒళ్ళంతా తెలుపు, నుదుటి మీద మాత్రం నల్ల మచ్చ. అందుకని చుక్కమ్మ అని పిలిచేవారు.

పూతరేకు ఎలా చేస్తారో నీకు చెప్పానుగా? పొయ్యి మీద కుండ బోర్లించి, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, ఆ వేడి కుండ మీద ఇలా లాగుతారు. కాగితం కన్నా పల్చగా రేకు లేస్తుంది. వాటిని బుట్టల్లో దాచుకుంటారు. ఎలకలు వాసన పట్టాయంటే ఒక్క రేకు మిగల్చవు. అందుకే ఆ ఇంట్లో పిల్లి ఉండి తీరాలి.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. ఇంట్లో ఏ ప్రాణీ ఆకలితో ఉండగా పొయ్యి ముట్టించకూడదు. మంగాయమ్మ వాళ్ళ అత్తగారు పెట్టిన పద్ధతట. పొద్దున్నే కాకికీ ఆవుకీ పిల్లికీ పెట్టాకే అగ్గిపుల్ల గీసేవారు. మంచి పద్ధతే, నేను కాదనను.

కానీ చుక్కమ్మ కడుపు మంచిది కాదు. తిన్నది నిలిచేది కాదు. వీపు గూనిలా పెట్టి, మెడ చాచి, గుళక్ గుళక్ మనేది. ఆ చప్పుడు వినపడగానే వరహాలమ్మ పిండిచేత్తోనే లేచేది. ఒకరోజు మంచం కింద కక్కేది. ఒకరోజు ఉతికి మడతపెట్టిన చీర మీద. ఒకరోజైతే మంగాయమ్మ చెప్పులో. నవ్వకే. నవ్వేవాళ్ళకేం, తుడిచేవాళ్ళకి తెలుస్తుంది.

వరహాలమ్మ బూడిద చల్లేది, ఎత్తేది, కడిగేది. మళ్ళీ వచ్చి కూర్చునేసరికి కుండ చల్లారిపోయేది. మళ్ళీ మంట ఎగదోసేది. అప్పుడు మళ్ళీ గుళక్. "నీ జిమ్మడ, నన్ను చంపుకుతింటున్నావే!" అని తిట్టేది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? నడుం పడిపోయేది.

"దిష్టి తగిలింది" అంది మంగాయమ్మ. ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్లి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి అందరూ దగ్గారు. పిల్లి మాత్రం కక్కింది.

ఆ తర్వాత పేరయ్య, "వేడి చేసింది" అన్నాడు. సబ్జా గింజలు నానబెట్టి దాని ముందు పెట్టాడు. అది వాసన చూసి, మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. వెళ్ళి కక్కింది.

ఆ తర్వాత వరహాలమ్మ దాన్ని గంపలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కడుపు నొక్కి చూశాడు, నోరు తెరిచి చూశాడు. "జబ్బేం కనపడలేదమ్మా. కడుపు సున్నితం, అంతే. పాలూ పెరుగూ నెయ్యీ దీనికి పడవు. ఇవాళ సాయంత్రం దాకా నీళ్ళు తప్ప ఏమీ పెట్టకండి. అంతకు మించి మాడ్చకండి. ఆ తర్వాత ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప, చిటికెడంత చిటికెడంత పెట్టండి" అన్నాడు.

వరహాలమ్మ ఇంటికొచ్చి చెప్పింది. అత్తగారు సరేనంది. మొగుడు సరేనన్నాడు. అయినా మర్నాడు చుక్కమ్మ కక్కింది. ఆ మర్నాడూ కక్కింది. వరహాలమ్మ గోడకి చేరగిలబడిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆవిడకి.

అప్పుడు రేకులు కొనే ఆసామి వచ్చాడు. బుట్ట మూత తీశాడు. సరిగ్గా అప్పుడే ఆయన కాళ్ళ దగ్గర గుళక్! ఆయన కాలు వెనక్కి తీసుకుని, మూత మళ్ళీ పెట్టేసి, "తినే సరుకు కదండీ పేరయ్యగారూ" అన్నాడు. ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.

పేరయ్యకి తల కొట్టేసినట్టయింది. "రేపు పొద్దున్నే పడవలో తీసుకెళ్ళి దీన్ని లంకలో వదిలేస్తాను. ఇంక నా వల్ల కాదు" అన్నాడు. లంకంటే ఏటి మధ్య ఉండే మెరక. అక్కడ ఇసకా, రెల్లూ, నక్కలూ తప్ప ఏముంటాయి? తిన్నది నిలవని పిల్లి అక్కడెన్నాళ్ళు బతుకుతుంది?

 పోతే పోయింది, నాకు తుడవడం తప్పుతుంది అనుకుంది వరహాలమ్మ. అలా అనుకున్నందుకు మళ్ళీ తనకే ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. వరహాలమ్మకి కన్ను మూతపడలేదు. రేపటికి ఇది ఉండదు కదా, పొద్దున్న కూడా తిట్టానే అనుకుంది. మెల్లిగా లేచి, చిన్న గిన్నెలోకి కాస్త నెయ్యి తీసుకుని, వడ్లగాదె వెనక్కి వెళ్ళింది. తిట్టిన ప్రతిసారీ ఆవిడ అలా వేలితో కాస్త నెయ్యి నాకించేది. వేలితో నాకిస్తే పెట్టినట్టా ఏమిటి అనుకునేది.

గాదె వెనక అప్పటికే మంగాయమ్మ ఉంది. చేతిలో పెరుగన్నం గిన్నె! అత్తాకోడళ్ళిద్దరూ ఒకళ్ళ చేతి వంక ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు అటునుంచి పేరయ్య వచ్చాడు. లంకలో వదిలేస్తానన్నవాడే. ఆయన చేతిలో పాల గిన్నె. చుక్కమ్మ మధ్యలో కూర్చుని, ఎవరిది ముందు తిందామా అని చూస్తోంది.

"ఏం చెయ్యమంటావే?" అంది మంగాయమ్మ. "కక్కి కక్కి దాని పొట్ట వీపుకి అంటుకుపోయింది. పస్తున్న ప్రాణిని పక్కన పెట్టుకుని పొయ్యెలా ముట్టిస్తాం? అందుకని రోజూ ఒక్క ముద్ద పెట్టాను."

"నేను చలవ చేస్తుందని..." అన్నాడు పేరయ్య, పాల గిన్నె వెనక్కి దాచుకుంటూ.

వరహాలమ్మ అక్కడే కూలబడింది. ముందు నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది. "అది కక్కడం, మనకి జాలేసి పెట్టడం, అది మళ్ళీ కక్కడం. ఇన్నాళ్ళూ నేను ఎత్తిపోసింది మన ముగ్గురి జాలి అత్తా" అంది.

  మంగాయమ్మే గిన్నె పక్కన పెట్టేసి అంది, "సరే, సాయంత్రం దాకా దానికేం పెట్టొద్దు. పొయ్యి ముట్టించొద్దు. మనమూ ఏమీ తినొద్దు." పాత పద్ధతి ఆవిడ వదలదుగా. అందుకని తనూ పస్తుండి ఆ పద్ధతిని నిలబెట్టుకుంది.

అలా చెయ్యడం ఎంత కష్టమో తెలుసా? చుక్కమ్మ ముందు మంగాయమ్మ దగ్గరికొచ్చి మ్యావ్ అంది. ఆవిడ కొంగు మొహమ్మీద వేసుకుంది. అప్పుడు పేరయ్య కాళ్ళకి ఒళ్ళు రాసుకుంది. ఆయన లేచి వీధిలోకి పోయాడు. ఆ తర్వాత వరహాలమ్మ ఒళ్ళోకి ఎక్కి, మొహంలోకి చూస్తూ ఏడ్చింది. ఆవిడకి లేచి వెళ్ళే ఓపిక కూడా లేదు. దాని వీపు నిమురుతూ అలాగే కూర్చుంది. ఆకలేస్తున్నవాళ్ళకి పెట్టకుండా పక్కన కూర్చోవడం పెట్టడం కన్నా కష్టమే, తల్లీ.

సాయంత్రం చుక్కమ్మ కోసమే పొయ్యి ముట్టించి, చేప చప్పగా ఉడికించి, చిటికెడంత పెట్టారు. ముగ్గురూ చుట్టూ కూర్చుని, గుళక్ వినపడుతుందేమోనని చెవులప్పగించారు. వినపడలేదు. ఇంకో చిటికెడు పెట్టారు. అదీ నిలిచింది. మర్నాడు పొద్దున్న పడవ వెళ్ళిపోయింది. పేరయ్య ఎక్కలేదు.

ఆ తర్వాత రేకుల బుట్టలు లోపలి గదిలో పెట్టి తలుపేసుకున్నారు. ఆసామి మళ్ళీ వచ్చి, బుట్టలు చూసుకుని, సరుకు పట్టుకెళ్ళాడు. పిల్లికి పెట్టేది వరహాలమ్మ ఒక్కతే. తక్కిన ఇద్దరూ నిమరాలి, అంతే.

ఊ అనవేం? నిద్రొచ్చిందా? లేదూ... మరి పిల్లికి పూర్తిగా తగ్గిపోయిందా అంటావా? తగ్గలేదమ్మా. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? కొన్ని కడుపులంతే. కనిపెట్టుకుని ఉండాలి, విసుగొచ్చినా కనిపెట్టుకుని ఉండాలి.

చాలా రోజులు బాగుండి, ఒక మధ్యాహ్నం అది ఏ బల్లిని తిన్నదో ఏమో, మళ్ళీ గుళక్ గుళక్ మంది. వరహాలమ్మ అప్పుడే అన్నం ముందు కూర్చుంది. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ముందు మొగుడి మొహం చూసింది, మళ్ళీ పడవంటాడేమోనని. పేరయ్య లేచి వెళ్ళి బూడిద తెచ్చాడు. వరహాలమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేవబోయింది.

"నువ్వు లేవకమ్మా, కూర్చో" అంది మంగాయమ్మ. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వంగి, ఆవిడే తుడిచింది. ఇద్దరూ ఎత్తిపోసి, కడిగి, చుక్కమ్మని నీళ్ళ గిన్నె దగ్గర కూర్చోబెట్టారు. వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత కూర్చున్నచోటు నుంచి కదలకుండా, అన్నం వేడిగా ఉండగానే కడుపునిండా తిన్నది.

పిల్లి కడుపుకి కొంచెం కొంచెం,
పిల్లదాని నడుముకి మెత్తటి మంచం,
కథ నడిచీ నడిచీ కంచికి,
అలిసిన కళ్ళు నిద్రింటికి.