ఉడుము తాత తీగ కొలత

ఇప్పలకోన అడవిలో కొండముచ్చు, ముంగిస, అడవిపంది, ఉడుము ఉండేవి. ఏటా వానలు మొదలయ్యే ముందు అక్కడ బళ్ల పందెం జరిగేది. కొండవాలులో ఆరు పుట్టలున్నాయి. ఒకదాన్ని కుడికీ ఇంకోదాన్ని ఎడమకీ చుట్టుకుంటూ, దేన్నీ తాకకుండా బండిని కిందికి దించాలి. ముందు దిగినవాళ్లకి ఆ వానాకాలమంతా పొడి గుహ దక్కుతుంది.

పోయినేడు ముంగిస బొరియలోకి నీళ్లొచ్చి, దాని పిల్లలు మూడు రోజులు బండరాయి మీద వణుకుతూ గడిపాయి. పాపం, ఈసారి గుహ ఎలాగైనా కావాలని దాని ఆరాటం.

పందేనికి ముందు ఉడుము ప్రతి బండినీ కొలిచేది. ఆ కొలత భలే తమాషాగా ఉండేది. ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా తీగ పరిచి తుంచేది. అదే తీగని బండి పక్కన నిలువుగా పట్టేది. బండి తీగని మించిందా, పందెంలోకి రానిచ్చేది కాదు.

ముంగిస బండి జానెడు మించింది. కొండముచ్చుదైతే రెండింతలుంది. అందరూ తననే చూడాలని అది పీట మీద పీట కట్టుకుంది మరి.

"ఈ బండి మీద పదిసార్లు కొండ దిగాను. ఒక్కసారీ పడలేదు," అంది కొండముచ్చు.

"తిన్నగా దిగావు. మలుపు తిప్పావా?" అంది ఉడుము.

కొండముచ్చు మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. ముంగిస మాత్రం కదల్లేదు.

"తాతా, ఎత్తుగా ఉంటే ఏమవుతుంది?"

ఉడుము ఒక రాయిని బండి పైన కట్టి, ఒక పక్క చక్రాలు కాస్త పైకెత్తింది. బండి పడిపోయింది. అదే రాయిని అడుగున కట్టి అంతే ఎత్తి వదిలింది. బండి మళ్లీ చక్రాల మీదే నిలబడింది. ముంగిసకి ఎంత వింతగా తోచిందంటే, నాలుగుసార్లు చేయించుకుని చూసింది. తర్వాత పీట కిందికి దించి, పొడుగు ఇరుసు వేసుకుంది. ఈసారి కొలత సరిపోయింది.

కొండముచ్చు ఏం చేసిందో తెలుసా? పీటలు ఊడదీసి కొలిపించుకుంది. ఉడుము అటు తిరగగానే మళ్లీ బిగించేసింది.

పందెంలో కొండముచ్చే ముందుంది. మూడో పుట్ట దగ్గర కుడికి తిప్పింది. కుడి చక్రాలు గాల్లోకి లేచాయి, బండి పల్టీ కొట్టింది. వెనకే వచ్చిన ముంగిస అదే మలుపు తిప్పింది. బండి కాస్త జారింది గానీ ఒరగలేదు. అడవిపంది ఇంకా అయిదో పుట్ట దగ్గర ఉండగానే ముంగిస కిందికి చేరింది.

వానలొచ్చాయి. చెయ్యి విరిగిన కొండముచ్చు చెట్టెక్కలేక, నేరేడు చెట్టు కింద తడుస్తూ కూర్చుంది.

"లోపలికి రా మావా, చోటుంది," అని గుహలోంచి ముంగిస పిలిచింది.

కొండముచ్చు వచ్చి ఒక మూల కూర్చుంది. మెల్లగా అడిగింది. "ఆ రాయి సంగతేమిటో నాకూ ఒకసారి చూపిస్తావా?"

నీతి: కొలిచేవాళ్లని ఏమార్చవచ్చు గానీ, మలుపుని ఏమార్చలేం.