తిరగలికి ఎంత సందు

ఇది చిన్న కథ. పొయ్యి మీద అంబలి పొంగేలోపు చెప్పి ముగించవచ్చు. ఒక శిష్యుడు ఒక ప్రశ్న అడిగాడు, గురువు జవాబు చెప్పింది, అంతే. అయితే ఆ శిష్యుడి సంగతి ముందు కొంత చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టవుతుంది. పైగా అతని సంగతి చెప్పుకోవడం మానేస్తే ఊరికి వేరే పనీ లేదు.

శిష్యుడి పేరు జోగారావు. పట్నంలో ఓడలు బాగుచేసే కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరుగా చేశాడు. వెంట్రుకలో నాలుగో వంతు తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేస్తాడని పేరు. భార్య పోయాక, ఉద్యోగం అయిపోయాక, కొండ దిగువన సంత జరిగే ఊళ్లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఇక్కడ చల్లగా ఉంటుందన్నాడు. ఒక్క మనిషికి అంత చల్లదనం ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దు గడవక చోళ్లతో, అంటే రాగులతో, బీరు చెయ్యడం మొదలుపెట్టాడు. చోళ్లు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, ఉడికించి, కుండలో పులియబెట్టాలి. కొండ మీదివాళ్లు దాన్ని లందా అంటారు. జోగారావు మాత్రం బీరనే అనేవాడు, గాజు గ్లాసుల్లోనే పోసేవాడు.

మిగతావన్నీ కుదిరాయి గానీ విసరడం దగ్గరే చిక్కు వచ్చింది. మొదట మిక్సీలో వేశాడు. పిండి మరీ మెత్తబడి కుండలో జిగురులా పట్టేసింది, గుడ్డలో పోస్తే చుక్క దిగలేదు. తర్వాత పిండిమరకు పట్టుకెళ్లాడు. అతనికి ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకున్నారు. ఆ బీరు తాగిన పోస్టుమాస్టరు రెండు రోజులు సెలవు పెట్టాడు. చివరికి రెండు ఇనుప రోలర్లున్న చిన్న మోటారు మర తెప్పించాడు. రోలర్ల మధ్య సందును సన్నటి కొలత రేకులతో కొలవడం, ఒక వారం తగ్గించడం, ఒక వారం పెంచడం, అదంతా నోటుపుస్తకంలో రాసుకోవడం. సందు తగ్గిస్తే జిగురు, పెంచితే నీళ్లు. పొరుగువాళ్లు మర్యాదస్తులే. గ్లాసు పుచ్చుకుని, ఒక్క గుక్క తాగి, పొయ్యి మీద పాలున్నాయని గుర్తు తెచ్చుకుని వెళ్లేవారు. ఇంట్లో పాలే వాడనివాళ్లు కూడా.

జోగారావుకు కావలసింది ఒక్క కుండ. ఎవరైనా కూర్చుని, లేవకుండా, అయ్యేదాకా తాగే కుండ. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. అనడానికైనా ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.

అలా కొండెక్కి దేవులమ్మ దగ్గరికి వెళ్లాడు. లందా చెయ్యడంలో ఆ చుట్టుపక్కల ఆమె తర్వాతే ఎవరైనా. ఆమెకో అలవాటుంది, అడిగినదానికి అడిగిన రోజున జవాబు చెప్పదు.

“అమ్మా, తిరగలి రెండు రాళ్ల మధ్య ఎంత సందు ఉంచాలి?” అని అడిగాడు.

దేవులమ్మ అతని చేతిలోని కొలత రేకులను కాసేపు చూసి, “లక్ష్మివారం రా బాబూ” అంది.

లక్ష్మివారం వెళ్లాడు. తిరగలికి ఒకవైపు దేవులమ్మ, ఎదురుగా ఆమె తోటికోడలు కాసులమ్మ కూర్చున్నారు. ఇద్దరి మగవాళ్లూ పోయారు. ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. అందుకు ఊళ్లో నాలుగు కారణాలు చెబుతారు, ఒకదాంట్లో కోడిపుంజు కూడా ఉంది. ఆ ఇద్దరికీ మాత్రం ఒక్కటీ గుర్తున్నట్టు లేదు. అయినా ఆ రాయి ఒక్క మనిషికి తిరిగేది కాదు. అందుకని ప్రతి లక్ష్మివారం కాసులమ్మ వచ్చి ఎదురుగా కూర్చునేది, గింజ అయిపోగానే చెంగు దులుపుకుని వెళ్లిపోయేది.

దేవులమ్మ పై రాయి ఎత్తి, నడిమి మేకుకు పాత గుడ్డ ముక్క చుట్టి, రాయిని మళ్లీ దించింది. గుడ్డ ఎంత మందం ఉంటే పై రాయి అంత లేచి ఉంటుంది, గింజ పిండి కాకుండా పగులుతుంది. అంబలి పిండికైతే గుడ్డ తీసేస్తారు. ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని పొద్దెక్కేదాకా విసిరారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రాళ్ల మధ్య గింజ పగిలే చప్పుడు తప్ప ఆ ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

జోగారావు గురువు జవాబు కోసం ఆగే రకం కాదు. పని అయ్యాక రాళ్ల మధ్య రేకులు దూర్చి కొలుచుకుని, ఇంటికొచ్చి రోలర్లను అదే సందుకు బిగించాడు. కుండ కుదిరింది. పోస్టుమాస్టరుతో సహా ఆరుగురు వచ్చారు, కుండ అడుగు కనిపించేదాకా కూర్చున్నారు. అడుగు కనిపించాక లేచారు. జోగారావు ఆరు గ్లాసులూ కడిగి బోర్లించాడు. అతను కోరుకున్నది ఇదే కాబట్టి సంతోషంగా ఉన్నాననుకున్నాడు.

ఆ సంతోషంలోనే గురువుకు దక్షిణ ఇవ్వాలనిపించింది. పడని మనుషులు వారం వారం ఎదురెదురుగా కూర్చోవడం చూసి అతనికి జాలేసింది. మరను జీపెక్కించి కొండ మీదికి తీసుకెళ్లి, దేవులమ్మ ఇంట్లో పెట్టి, స్విచ్చి ఎలా వెయ్యాలో చూపించాడు. ఇక ఎవరి మొహం చూడక్కర్లేదమ్మా అని కూడా అన్నాడు. దేవులమ్మ మంచిదే బాబూ అంది.

మర పావుగంటలో పని ముగించేది. ఆ లందా మునుపటికన్నా బాగుందని కొండంతా చెప్పుకుంది. మొదటి లక్ష్మివారం కాసులమ్మ రాలేదు, పని లేదు గనక. రెండో లక్ష్మివారమూ రాలేదు. ఆమె తన గుమ్మంలో కూర్చుని ఉండగా దారినపోయేవాళ్లు చూశారు. ఏం చేస్తోందంటే, ఏమీ చెయ్యడం లేదన్నారు.

మూడో లక్ష్మివారం జోగారావు మళ్లీ కొండెక్కాడు. ఈసారి రేకులు తేలేదు. ఏదో అడగాలని బయలుదేరాడు గానీ అదేమిటో సగం దారిదాకా అతనికీ తెలియలేదు. కుండ కుదిరింది కదా, మరి నా ఇల్లెందుకు ఇలా ఉంది అని అడగాలేమో అనుకుంటుండగా పై నుంచి చప్పుడు వినిపించింది. రాయి మీద రాయి ఒరుసుకునే చప్పుడు. ఫిట్టరు చెవికి అది పంటి కింద ఇసుకలాంటిది. ఆయాసపడుతూ పరుగున ఎక్కాడు.

మర అప్పటికే చోళ్లన్నీ ఆడేసి మూలన ఊరుకుని ఉంది. పగిలిన గింజ బుట్ట నిండా ఉంది. కాసులమ్మ ఆ పూట ఎవరూ పిలవకుండానే వచ్చిందట. వచ్చి, మూలనున్న తిరగలిని లాక్కుని, తన చోట తను కూర్చుందట. ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టుకుని, గింజ లేని తిరగలిని తిప్పుతున్నారు. మాటల్లేవు. రాళ్ల మధ్య నుంచి సన్నటి రాతిపొడి రాలుతోంది.

జోగారావు గబగబా తిరగలి దగ్గరికి వెళ్లాడు. ఉత్త రాళ్లు తిప్పకూడదని, రాళ్లకు కొట్టిన గంట్లన్నీ అరిగిపోతాయని, ఏడాది తిరక్కుండా రెండు రాళ్లూ నున్నబడి ఎందుకూ పనికిరావని చెప్పాడు. వాళ్లు ఆపలేదు. అతను చూరులో దోపి ఉన్న పాత గుడ్డ ముక్క తీసి దేవులమ్మ ముందు పట్టుకున్నాడు.

“తిప్పితే తిప్పారు, మేకుకు ఈ గుడ్డైనా చుట్టండమ్మా. రాళ్లకు సందుంటుంది.”

దేవులమ్మ పిడి వదల్లేదు.

“గుడ్డేస్తే చప్పుడు రాదు బాబూ” అంది.